రామప్ప ఇటుక, కోనసముద్రం ఉక్కు, టీ కొట్టు క్యూఆర్ కోడ్

ప్రశ్న క్లుప్తంగా ఇది: "టెక్నాలజీ, ఆవిష్కరణల గురించి వాట్సాప్‌లో తిరిగే ‘మీకు తెలుసా’లు చూసి విసుగొచ్చింది. సగం అబద్ధాలే ఉంటున్నాయి. నిజంగా ఆశ్చర్యపడాల్సినవి, వీలైతే మన వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపువి చెప్పండి. డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టుకు పనికొచ్చేది ఒకటి ఉంటే ఇంకా మంచిది."

నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ చెప్పి రిటైరయిన వాణ్ణి. ఫౌండ్రీ, కమ్మరం, లేత్, డ్రిల్లింగ్, ఇవే నాకు తెలిసినవి. కాబట్టి నా ఆశ్చర్యాలన్నీ మట్టి, నిప్పు, ఇనుము చుట్టూనే తిరుగుతాయి. ఎవరు ముందు కనిపెట్టారు, ఎవరు కాపీ కొట్టారు అనే పంచాయితీ నాకు పట్టదు. ఒక పనికోసం పుట్టిన వస్తువో ఉపాయమో, దానితో ఏ సంబంధమూ లేని ఇంకో పనిలో దూరి, అక్కడ అసలు పనికంటే ఎక్కువ పేరు తెచ్చుకోవడం ఉంది చూశారా, అదే నన్ను ఇప్పటికీ ఆపేస్తుంది. కింద చెప్పేవన్నీ ఆ కోవలోవే.

మొదట రామప్ప. పాలంపేటలోని ఈ గుడిని కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, శాసనం 1213 నాటిది. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిఖరం ఇటుకలు నీళ్ళలో తేలతాయని మనదగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇది నిజమే, అబద్ధం కాదు. మామూలు ఎర్ర ఇటుక ఘన సెంటీమీటరుకు 1.6 నుంచి 1.9 గ్రాముల దాకా తూగుతుంది. రామప్ప ఇటుక ఒక గ్రాము కంటే తక్కువ. నీళ్ళు ఒక గ్రాము కాబట్టి తేలుతుంది. ఇందులో మంత్రమేమీ లేదు, లోపలంతా గాలి గదులు, అంతే.

ఆ గదులు ఎలా వచ్చాయన్నదే అసలు సంగతి. మట్టిలో తుమ్మ చెక్క పొట్టు, ఊక, కరక్కాయ వంటివి కలిపారని చెబుతారు. ఇటుక కాలేటప్పుడు మట్టి గట్టిపడుతుంది, లోపలి పొట్టూ ఊకా కాలిపోతాయి. అవి ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. తేలికైన ఇటుకతో శిఖరం కడితే కింది స్తంభాల మీద, దూలాల మీద పడే బరువు బాగా తగ్గుతుంది. కింద గ్రానైటూ డోలరైటూ, పైన స్పాంజి లాంటి ఇటుక. ఏది ఎక్కడ వాడాలో తెలిసిన మేస్త్రీ పని అది.

"ప్రపంచంలో ఇంకెక్కడా ఇలాంటి ఇటుకలు లేవు" అని వాట్సాప్ వాళ్ళు చేర్చే వాక్యం మాత్రం తీసేయండి. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రెండు వేల ఏళ్ళ కిందటే, స్పెయిన్‌లో ఒకచోట, ఇప్పటి టర్కీ తీరంలోని పితానే అనే ఊళ్ళో, నీళ్ళలో తేలే ఇటుకలు చేస్తారని రాశాడు. అక్కడ ఊక కాదు, మట్టే ప్యూమిస్ రాయిలా బోలుగా ఉండేది. 1791లో ఇటలీలో ఫబ్రోనీ అనే శాస్త్రవేత్త టస్కనీలో దొరికే ఒక తెల్లటి తేలిక మట్టితో మళ్ళీ చేసి చూపించాడు. అది సూక్ష్మ జీవుల సిలికా పెంకులతో ఏర్పడిన మట్టి. ఒకే సమస్యకు మూడు చోట్ల మూడు దారులు. రామప్ప గొప్పతనం దీనివల్ల ఏమీ తగ్గదు. పైగా వాళ్ళకు దేవుడిచ్చిన బోలు మట్టి దొరికింది, మనవాళ్ళు మామూలు మట్టిని బోలుగా చేశారు. రెండోదే కష్టమైన పని.

పునాదిలో ఇసుక సంగతి కూడా చాలామంది అడుగుతారు. రామప్పలోనూ, హనుమకొండ వేయిస్తంభాల గుడిలోనూ గొయ్యి తవ్వి ఇసుక నింపి, దాని మీద కట్టారు. వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని మళ్ళీ కట్టడానికి విప్పినప్పుడు ఆ ఇసుక పునాది మనకాలం ఇంజినీర్లకు కంటికి కనబడింది. కదలిక వస్తే ఇసుక సర్దుకుంటుంది, రాయి పగలదు. రామప్ప మంటపంలో నేల ఒకచోట ఎత్తుగా, ఒకచోట పల్లంగా ఉంటుంది. ఇన్ని శతాబ్దాల సర్దుబాటు అది. ఈసారి వెళ్ళినప్పుడు శిల్పాలతో పాటు కాళ్ళ కింద కూడా చూడండి. ఇంతకంటే దీని మీద రాయను, నేను సివిల్ వాణ్ణి కాదు.

ఊక దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అని ఒక ఊరు ఉంది. ప్రపంచంలో ఉక్కు చరిత్ర చదివే ప్రతివాడికీ ఈ పేరు తెలుసు, మన జిల్లాల వాళ్ళకే పెద్దగా తెలియదు. డమాస్కస్ కత్తులు అని వినే ఉంటారు, నీటి అలల్లాంటి చారలుండే కత్తులు. వాటికి కావాల్సిన ఉక్కు దిమ్మలు దక్షిణ భారతం నుంచి, శ్రీలంక నుంచి వెళ్ళేవి. మన ఉత్తర తెలంగాణలో కోనసముద్రం, నిర్మల్ చుట్టుపక్కల ఊళ్ళు అందులో పేరుమోసినవి. 1820ల ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త కోనసముద్రం వచ్చి, కొలిమి పనిని దగ్గరుండి చూసి రాసిపెట్టాడు. ఆయన వచ్చే సమయానికి పర్షియా వ్యాపారులు ఊళ్ళో మకాం వేసి సరుకు కొంటున్నారు. ఇస్ఫహాన్ ఎక్కడ, కమ్మర్‌పల్లి ఎక్కడ! ఎన్ని నెలల ప్రయాణమో ఆలోచించండి. అంత దూరం వచ్చి నిలబడి కొన్నారంటే ఆ సరుకు వాళ్ళ దగ్గర దొరకలేదనే కదా.

ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు కావాలి. ఒకటిన్నర శాతం కార్బన్ కలిస్తే ఇంకొంచెం తక్కువలో, 1400 పైచిలుకులో కరుగుతుంది. కరెంటు లేదు, రాతి బొగ్గుతో చేసే కోక్ లేదు. బొగ్గులు, కొలిమి తిత్తి, మనుషుల భుజాలు, అంతే. తిత్తి ఊది ఆ వేడి తెచ్చారనుకుందాం. ఆ వేడిని గంటల తరబడి తట్టుకుని, పైన పడ్డ బొగ్గుల బరువుకు వంగకుండా, లోపలి ఉక్కును కార్చకుండా ఉండే మూస, అంటే లోహం కరిగించే మట్టి పాత్ర, ఏది? నన్నడిగితే ఉక్కు కంటే మూసే పెద్ద ఆవిష్కరణ. ఫౌండ్రీలో పనిచేసిన ఎవరైనా ఇదే చెబుతారు. లోహం కరిగించడం ఒక వంతు, కరిగినదాన్ని పట్టుకుని ఉండటం మూడు వంతులు.

కోనసముద్రం మూసలను థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు ప్రయోగశాలలో కోసి చూసింది. మట్టిలో నిండా ఊక. అదే ఊక! ఇటుకలో ఏం జరిగిందో అది ఇక్కడ జరగలేదు. మూస బొగ్గుల మధ్య కూరుకుపోయి ఉంటుంది, గాలి సరిగ్గా ఆడదు. కాబట్టి ఊక కాలి బూడిదై పోలేదు, మాడి బొగ్గయింది. ఆ బొగ్గు మట్టి లోపలే పోగుల్లా నిలబడిపోయింది. మట్టి ఆ వేడికి కొంత గాజులా మెత్తబడినా ఆ పోగులు దాన్ని పట్టి ఉంచాయి. దానికి తోడు వరి ఊకలో ఇంకే చెట్టు పొట్టులోనూ లేనంత సిలికా ఉంటుంది. ఊక కాలిస్తే దాని బరువులో ఐదో వంతు దాకా బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో చాలావరకు సిలికానే. రైస్ మిల్లు పక్కన ఇల్లున్న వాళ్ళకు ఆ బూడిద సంగతి నేను చెప్పక్కర్లేదు. మేడ మీద ఆరేసిన తెల్ల బట్టల మీద నల్లటి నలకలై పడి, వేలితో తుడిస్తే గీతలా సాగుతుంది.

గాలి తగిలితే రంధ్రమై తేలే ఇటుక. గాలి తగలకపోతే బొగ్గై ఉక్కును మోసే మూస. వస్తువు ఒకటే, ఊరూ ఊరూ మధ్య దూరం కూడా ఎక్కువేం కాదు. ఇంత పొడుగు సర్వీసులో నాకు తారసపడ్డ విషయాలన్నిట్లో దీన్ని మించింది లేదు.

ఊక కథ అక్కడితో ఆగలేదు. 1970లలో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో కట్లర్, లీ అనేవాళ్ళు ఊకను గాలి లేకుండా బాగా వేడిచేస్తే అందులోని సిలికా, కార్బన్ రెండూ కలిసి సిలికాన్ కార్బైడ్ అవుతుందని చూపించారు. సిలికాన్ కార్బైడ్ అంటే వెల్డింగ్ షాపులో గర్రుమని తిరిగే సాన చక్రాల్లో ఒక రకం రాయి. ఈ రాయి పుట్టుక కూడా విచిత్రమే. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ అనే ఆయన కృత్రిమంగా వజ్రం చేద్దామని మట్టినీ కోక్‌నూ కలిపి కరెంటుతో కాల్చాడు. వజ్రం రాలేదు, నల్లగా మెరిసే గట్టి పలుకులు వచ్చాయి. వాటితో సాన రాళ్ళు చేసి అమ్మాడు. ఇప్పుడు అదే సిలికాన్ కార్బైడ్‌తో ఎలక్ట్రిక్ కార్ల లోపల పవర్ చిప్పులు చేస్తున్నారు. మీ ఊరి ఊకతో కారు చిప్పు తయారవుతుందని మాత్రం రేపు ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి! చిప్పుకు కావాల్సిన స్ఫటికాన్ని ఎంతో శుద్ధమైన ముడిసరుకుతో వేరే పద్ధతిలో పెంచుతారు. పదార్థం ఒకటేనని చెబుతున్నాను.

కోనసముద్రం ఉక్కు గురించి ఇంకో మాట. దక్షిణాదిలో ఈ ఉక్కు చేసే పద్ధతి అంతటా ఒకటి కాదు. సేలం వైపు మెత్తటి ఇనుప ముక్కలతో పాటు తంగేడు చెక్క, జిల్లేడు ఆకులు మూసలో పెట్టి మూసేసేవాళ్ళు. ఆకు, చెక్క మాడి ఆ కార్బన్ ఇనుములోకి ఎక్కేది. మన దగ్గర అలా కాదు. రెండు ఊళ్ళ నుంచి రెండు రకాల ఇనుము తెచ్చి, ఒకటి కార్బన్ ఎక్కువున్నది, ఒకటి తక్కువున్నది, పాళ్ళు చూసి కలిపి కరిగించేవాళ్ళు. పాళ్ళతోనే కార్బన్ ఎంత ఉండాలో తేల్చేశారన్నమాట. కెమిస్ట్రీ ల్యాబ్ లేకుండా! ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో ఉక్కు కరిగించే పద్ధతి పట్టుకున్నది 1740లలో. మనవాళ్ళ పని అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందునుంచీ నడుస్తోంది. 2010లో బెంగళూరు, ఇంగ్లండ్ పరిశోధకులు మన జిల్లాల చరిత్రకారుడు జైకిషన్ గారితో కలిసి ఉత్తర తెలంగాణ పల్లెలన్నీ తిరిగి సర్వే చేశారు. ఊరి బయట దిబ్బల్లో, పొలం గట్ల మీద ఇనుప చిట్టెం, మూసల పెంకులు ఎన్ని చోట్ల కనబడ్డాయో! ఒకప్పుడు ఈ ప్రాంతమంతా కొలిమే.

ఈ ఉక్కు లండన్ చేరాక ఏమైందో చూడండి.

జేమ్స్ స్టోడార్ట్ అని లండన్‌లో కత్తులు, సర్జరీ పరికరాలు చేసే పనివాడు ఉండేవాడు. భారత్ నుంచి వచ్చిన ఈ ఉక్కు యూరప్‌లోని ఏ ఉక్కు కన్నా మేలని తన షాపు కార్డు మీదే అచ్చువేయించుకున్నాడు. అది అంత మేలుగా ఎందుకుందో తేల్చాలని 1818 ప్రాంతంలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోని ఒక కుర్ర అసిస్టెంటుతో కలిసి పరిశోధన మొదలుపెట్టాడు. ఆ అసిస్టెంటు మైకేల్ ఫారడే. అవును, ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్ల పాఠంలో మీరు చదివే ఫారడేనే. ఆయన తండ్రి కమ్మరి. కొలిమి ముందు పెరిగినవాడికి ఉక్కు మీద ఆసక్తి కొత్తేం కాదు కదా.

ఫారడే మన ఉక్కును విశ్లేషించి, అందులోని అల్యూమినా, సిలికా వల్లే ఆ గుణం వచ్చిందని తేల్చాడు. అది తప్పు. అంత పెద్దాయన కూడా మొదటి సబ్జెక్టులో తప్పాడు! సరైన జవాబు పారిస్ టంకశాలలో పనిచేసే బ్రేయాన్ పట్టుకున్నాడు: ఆ చారలకు కారణం ఎక్కువ కార్బన్. ఫారడే, స్టోడార్ట్ మాత్రం ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం, క్రోమియం, ఒక్కోటీ కలిపి చూస్తూ పోయారు. ఆ ఉక్కుతో చేసిన గడ్డం కత్తులను ఫారడే స్నేహితులకు కానుకగా ఇచ్చేవాడు. క్రోమియం కలిపారు గానీ కొద్దిగానే కలిపారు. పది శాతం దాటించి ఉంటే తుప్పు పట్టని స్టీలు వందేళ్ళ ముందే వచ్చేదేమో. అది 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ చేతికి దొరికింది. 1823లో స్టోడార్ట్ చనిపోయాక ఫారడే ఉక్కు వదిలేసి, కరెంటు, అయస్కాంతం వైపు పూర్తిగా తిరిగాడు. 1831లో తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిపితే కరెంటు పుడుతుందని కనుక్కున్నాడు. రామగుండంలో టర్బైన్ తిప్పే జనరేటరు ఆ సూత్రం మీదే నడుస్తుంది.

2006లో ఇంకో వార్త వచ్చింది. జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు పదిహేడో శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్క ఒకటి యాసిడ్‌లో కరిగించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే కార్బన్ నానోట్యూబులు, అంటే కంటికి ఆననంత సన్నటి కార్బన్ గొట్టాలు, కనబడ్డాయి. దీన్ని పట్టుకుని "మన పూర్వీకులకు నానో టెక్నాలజీ తెలుసు" అని రాసేవాళ్ళున్నారు. వాళ్ళకు నానోట్యూబు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఏ ఇనుము ఏ పాళ్ళలో, ఏ రంగు మంట దాకా, ఎంత నెమ్మదిగా చల్లార్చాలో తెలుసు. ఉక్కులో వనేడియం లాంటి లోహాలు లవలేశం ఉండటం కూడా ఆ చారలకు కారణమని అంతకు ముందే వెర్‌హోవెన్ అనే లోహ శాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి చూపించారు. అంటే ఖనిజం మారితే చేయి ఎంత తిరిగినవాడికైనా చారలు రావు. ఆ పని అంతరించిపోవడానికి ఇది కూడా ఒక కారణమై ఉండొచ్చని వాళ్ళ వాదన. నాకైతే నమ్మబుద్ధి అవుతుంది.

ఫారడే ఉక్కు ముక్కల కథకు ఒక కొసరు ఉంది. వందేళ్ళ తర్వాత ఆయన పేరు రాసున్న ఒక చెక్క పెట్టె బయటపడింది, అందులో 79 ముక్కలు. వాటిని పరీక్షించమని ఇచ్చింది రాబర్ట్ హాడ్‌ఫీల్డ్‌కి. 1931లో ఆయన ఆ ఫలితాలు అచ్చువేశాడు. ఎవరీ హాడ్‌ఫీల్డ్ అంటే, ఆయన చేసిన వస్తువు కరీంనగర్, వరంగల్ చుట్టూ ఉన్న ప్రతి కంకర క్రషర్‌లోనూ ఉంటుంది.

ఉక్కులో కాస్త మాంగనీసు కలిపితే గట్టిపడుతుంది. ఇంకొంచెం కలిపితే పెళుసై చిట్లుతుంది. మామూలుగా ఎవరైనా అక్కడ ఆపేస్తారు. 1882లో, పాతికేళ్ళు కూడా నిండని హాడ్‌ఫీల్డ్ ఆపలేదు. పన్నెండు పదమూడు శాతం దాకా పోయాడు. పెళుసుదనం పోయి, ఎంత కొట్టినా పగలని లోహం వచ్చింది. దీని తీరు మామూలు ఉక్కుకు ఉండదు. తయారైనప్పుడు అంత గట్టిగా ఏం ఉండదు, దెబ్బ తిన్నకొద్దీ పైపొర గట్టిపడుతుంది. గ్రానైటు రాళ్ళను నమిలే క్రషర్ జా ప్లేట్లు దీనితోనే పోత పోస్తారు. కాజీపేట జంక్షన్‌లో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట, చక్రాల దెబ్బ పడేచోట ఉండే పోత ముక్కలు కూడా ఇదే లోహం.

అరిగిన జా ప్లేటుకు రంధ్రం వేయమని ఒకసారి మా వర్క్‌షాపుకు తెచ్చారు. డ్రిల్ బిట్ పెట్టి నొక్కితే మొదట ఒక చిన్న పొట్టు చుట్ట లేస్తుంది, అంతే. తర్వాత కీచుమని అరుపు, పొగ. బిట్ తీసి చూస్తే రంధ్రం ఉండాల్సిన చోట అద్దంలా మెరిసే చిన్న గుంట. బిట్ నొక్కిన ఒత్తిడికే ఆ చోటు గట్టిపడిపోయింది, బిట్ మొన గుండ్రమైపోయింది. ఎంత బలం పెడితే అంత మొండికేస్తుంది. పిల్లలు చుట్టూ చేరి ఎవరికి తోచిన సలహా వాళ్ళిచ్చారు, ఆ గంట పాఠం ఇంక వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంకో తమాషా: దీనికి అయస్కాంతం అంటుకోదు. వందలో ఎనభై ఐదు వంతులకు పైగా ఇనుమే, అయినా అంటుకోదు. మాంగనీసు వల్ల లోపలి అణువుల అమరిక మారిపోతుంది. మీ దగ్గర్లో క్రషర్ ఉంటే పాత జా ప్లేటు అడిగి, స్పీకరు అయస్కాంతం ఒకటి పట్టుకెళ్ళి చూడండి. రైలు పట్టాల దగ్గరికి మాత్రం వెళ్ళకండి.

నేత సంగతి ఒకటి చెప్పకపోతే వరంగల్ దారి పూర్తికాదు. హైదరాబాదు వెళ్ళేటప్పుడు ఆలేరు స్టేషన్ వస్తుంది కదా, ఆ మండలంలోని శారాజీపేట వాడు చింతకింది మల్లేశం. పోచంపల్లి తరహా చీరకు రంగు అద్దే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంగా బిగించిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవడం. ఒక్క చీరకు చేయి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మమ్మ రోజూ రెండు చీరలకు ఆసు పోసి రాత్రి భుజం పట్టుకుని కూర్చుంటే చూడలేక, 1992లో మిషను చేయడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడే బడి మానేసిన వాడు. చేయి ముందుకూ వెనక్కూ ఆడేలా చేయడం వచ్చేసింది. దారాన్ని ఒక మేకు దాటించి పక్క మేకుకు వేయడం దగ్గరే ఆగిపోయింది. ఆ ముడి విడింది ఇంట్లో కాదు. బాలానగర్‌లో ఒక చోట పనికి వెళ్ళినప్పుడు, అక్కడ వేరే పని చేస్తున్న ఒక యంత్రం కదలిక చూసి ఇదే కదా నాకు కావాల్సింది అనుకున్నాడు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. సగం రోజు పట్టే పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మనవాళ్ళు ఈ కథను తల్లి ప్రేమ కథగానే చెబుతారు, అది నిజమే. ఆ బాలానగర్ యంత్రాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మెకానికల్ చదివే మీరు పట్టించుకోవాలి. ఇంకోడి మిషను ఊరికే చూస్తూ నిలబడటం కూడా చదువే.

బయటి దేశాలవి రెండు చెప్పి ముగిస్తాను. ఒకటి ఫ్యాక్స్. టెలిఫోను 1876లో వస్తే ఫ్యాక్స్‌కు పేటెంటు 1843లోనే ఉంది. గడియారాలు చేసే అలెగ్జాండర్ బెయిన్ రెండు లోలకాలను ఒకేలా ఊగించి, ఇక్కడ ముల్లు దేన్ని తాకితే అక్కడ ముల్లు అదే గీసేలా ఉపాయం చేశాడు. మాట పంపడం కష్టం, ఎందుకంటే గొంతు క్షణక్షణం మారుతుంది. గీత ఉందా లేదా అని పంపడం సులువు, టెలిగ్రాఫ్ తీగ చాలు. 1865 నుంచి పారిస్, లియాన్ నగరాల మధ్య ఇలాంటి సర్వీసు జనానికి అందుబాటులో నడిచింది కూడా.

రెండోది హనుమకొండ చౌరస్తాలో ఏ టీ కొట్టు ముందైనా వేలాడే క్యూఆర్ కోడ్. 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీ ఇంజినీరు మసాహిరో హారా కారు విడిభాగాల లెక్క కోసం చేశాడు, డబ్బు చెల్లింపు ఆయన ఊహలోనే లేదు. నల్ల, తెల్ల గళ్ళ ఆలోచన ‘గో’ ఆట పలక నుంచి వచ్చింది. మూడు మూలల్లో పెద్ద చదరాలుంటాయి కదా. వాటి మీదుగా అడ్డంగా ఒక గీత గీస్తే నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు 1:1:3:1:1 పాళ్ళలో వస్తాయి. పత్రికలు, కరపత్రాలు, డబ్బాల మీద అచ్చయ్యే వాటన్నిట్లో అతి అరుదుగా కనబడే పాళ్ళు ఏవని వెతికి ఇవి తేల్చారు. అందుకే చుట్టూ ఎన్ని రాతలున్నా ఫోను ఠక్కున పట్టేస్తుంది.

ఇక ఆ కాగితం మీద టీ మరకలు పడి, ఒక పక్క చిరిగినా డబ్బులు పోతున్నాయంటే కారణం 1960లో రీడ్, సోలమన్ అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞులు. పదో తరగతి లెక్కే: రెండు బిందువులుంటే సరళరేఖ తేలిపోతుంది. రెండు చాలు గానీ మనం ఐదు పంపామనుకోండి. ఒకటి చెడిపోతే మిగతా నాలుగూ ఒకే గీత మీద నిలబడి దొంగను పట్టిస్తాయి. సరళరేఖ బదులు పెద్ద బహుపది పెడితే ఇంకా ఎక్కువ చెడును సరిదిద్దొచ్చు. యురేనస్ దగ్గర్నుంచి వాయేజర్ 2 ఫొటోలు పంపినప్పుడు ఈ లెక్కే వాడారు. గీతలు పడిన సీడీలో పాట ఆగకుండా వచ్చేది దీనివల్లే. క్యూఆర్ కోడ్‌లో గట్టి రకం అయితే ముప్పై శాతం దాకా చెడినా చదువుతుంది. కానీ ఆ మూడు మూలల చదరాలు చిరిగితే మాత్రం ఈ లెక్క కాపాడలేదు. అసలు కోడ్ ఎక్కడుందో ఫోనుకు తెలియదు కదా.

మీ ప్రాజెక్టుకు ఇందులో ఊకే మంచిది, ఖర్చు దాదాపు ఉండదు. కుమ్మరి వాడే మెత్తటి బంకమట్టి తీసుకుని మూడు వాటాలు చేయండి. ఒకటి ఉత్త మట్టి. మిగతా రెంటిలో ఒకే పాళ్ళలో ఊక కలపండి, మట్టి పరిమాణంలో సగం దాకా కలపొచ్చు. అంతకు మించితే ఎండేటప్పుడే విరుగుతుంది. ఊకను కొంచెం నలిపి కలిపితే పట్టు బాగుంటుంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద దిమ్మెలు చేసి, నీడలో నిదానంగా ఆరనివ్వండి. ఎండలో పెడితే పగుళ్ళిస్తాయి.

కాల్చడానికి ఇటుక బట్టీ వాళ్ళనో, కుమ్మరి ఆవం వాళ్ళనో అడగండి, సొంతంగా ఇంట్లో చేయొద్దు. ఉత్త మట్టి దిమ్మె, ఊక కలిపినది ఒకటి అలాగే ఆవంలో పెట్టించండి. రెండో ఊక దిమ్మెను చిన్న కుండలో పెట్టి, చుట్టూ బొగ్గు పొడి నింపి, మూత పెట్టి మట్టితో మెత్తించండి. ఆవి బయటికి పోవడానికి సూదంత రంధ్రం ఒకటి ఉంచాలి, లేకపోతే కుండ పగులుతుంది. మూడూ ఒకే ఆవంలో కాలాలి, అప్పుడే పోలిక నిలుస్తుంది.

చల్లారాక పొడవు, వెడల్పు, మందం కొలిచి, బంగారం షాపు తరహా తక్కెడ మీద తూచి సాంద్రత లెక్కకట్టండి. నీళ్ళలో వేసి చూడాలని ఉబలాటంగా ఉంటుంది, కానీ అది చివర్లో చేయండి. రంధ్రాలు తెరిచి ఉంటే నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది, ముందే తడిపితే తూకం పనికిరాదు. మొదటి ప్రయత్నంలోనే తేలుతుందని ఆశపడకండి, ఒక గ్రాము లోపలికి రావడానికి పాళ్ళు, మట్టి రకం చాలాసార్లు మార్చాల్సి రావొచ్చు. తర్వాత మూడింటినీ సుత్తితో విరిచి, విరిగిన ముఖాలు పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. ఆవంలో కాలిన ఊక దిమ్మెలో ఊక గింజ ఆకారంలోనే సన్నటి గుంటలు కనబడతాయి. కుండలోది నల్లగా ఉంటుంది, భూతద్దం పెడితే గుంటల్లో బొగ్గు అలాగే ఉంటుంది. ఒకవేళ ఆవంలోది కూడా నడిమధ్యలో నల్లగా ఉంటే తీసి పారేయకండి. దిమ్మె మందం ఎక్కువై గాలి మధ్యదాకా పోలేదని అర్థం. ఒకే దిమ్మెలో అంచు రామప్ప, నడుమ కోనసముద్రం అన్నమాట. వైవాకు వచ్చే ఎగ్జామినరుకు ఆ ముక్కే చేతికివ్వండి, సగం ప్రశ్నలు వాళ్ళే దాని మీద అడుగుతారు.